స్టార్లు రెండే, దూరం పన్నెండు మైళ్ళు: కాన్సస్ పల్లె కౌంటీలో నర్సింగ్ హోమ్ ఎంపిక

పశ్చిమ కాన్సస్‌లో 25 పడకల చిన్న ఆసుపత్రిలో కేస్ మేనేజర్‌గా పనిచేస్తున్నాను. డిశ్చార్జి అయ్యే మనిషి ఇంటికి వెళ్ళాలా, రీహాబ్‌కా, నర్సింగ్ హోమ్‌కా అన్నది డాక్టరుతో, కుటుంబంతో కూర్చుని తేల్చడం నా పని. నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్ళలో కాన్పులూ ఆపరేషన్లూ చేసే ప్రైవేటు ఆసుపత్రి కాదు. తన పనులు తాను చేసుకోలేని పెద్దవాళ్ళు నెలలు, ఏళ్ళ తరబడి ఉండే చోటు. ఈ కేసులోని మనుషులు ఎవరో తెలియకుండా వయసులు, దూరాలు, ఇంకొన్ని వివరాలు మార్చాను. హోమ్‌లకి కూడా పేర్లు రాయడం లేదు, ఎ, బి, సి అనే అంటాను.

పేషెంటు

82 ఏళ్ళ రైతు. జీవితమంతా గోధుమ, జొన్న పండించారు. (అమెరికాలో జొన్న ఎక్కువగా పండేది కాన్సస్‌లోనే. మైలో అంటారు ఇక్కడ. పశువుల దాణాకీ ఇథనాల్‌కీ పోతుంది. ఈ కౌంటీలో దాన్ని రొట్టె చేసుకు తినేది బహుశా మా ఇంట్లోనే.) తొమ్మిదేళ్ళుగా పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉంది, ఈ మధ్య మతిమరుపు మొదలైంది. ట్రాక్టర్ షెడ్డులో కాలు జారి పడితే తుంటి ఎముక విరిగింది. తొంభై మైళ్ళ అవతల పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు.

భార్యకి 79. ఆవిడే వండిపెట్టి, ఆవిడే స్నానం చేయించి, రాత్రి రెండుసార్లు లేపి బాత్‌రూమ్‌కి తీసుకెళ్ళేవారు. కొడుకు పొలం చూసుకుంటాడు, కోతల సమయంలో ఫోన్‌కి కూడా దొరకడు. కూతురు డెన్వర్‌లో ఉద్యోగం చేస్తోంది. నాకు మొదట ఫోన్ చేసింది ఆమే. మెడికేర్ (65 దాటినవాళ్ళకి కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా) వాళ్ళు హోమ్‌లకి ఒకటి నుంచి ఐదు దాకా స్టార్లు ఇచ్చే కేర్ కంపేర్ సైట్ తెరిచి పెట్టుకుని, "68 మైళ్ళలో ఐదు స్టార్ల హోమ్ ఉంది, మా ఊళ్ళో దానికి రెండే. నాన్నని అక్కడికే పంపండి" అంది. తల్లి అదే కాల్‌లో ఉన్నారు, కానీ ఏమీ అనలేదు.

ఒక ప్రశ్న కాదు, రెండు

ఇలాంటి కేసుల్లో కుటుంబాలు రెండు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేస్తాయి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు ఎక్కడ కోలుకోవాలి అనేది ఒకటి. ఇంటికి వెళ్ళే పరిస్థితి లేకపోతే ఆపైన ఎక్కడ ఉండాలి అనేది రెండోది. మొదటిదానికి మెడికేర్ డబ్బు ఇస్తుంది, రెండోదానికి ఇవ్వదు. మొదటిదానికి మంచి ఫిజికల్ థెరపీ ముఖ్యం. రెండోదానికి రాత్రి రెండింటికి బెల్లు కొడితే ఎవరు వస్తారన్నది ముఖ్యం.

మాది క్రిటికల్ యాక్సెస్ ఆసుపత్రి. పల్లెల్లో ఆసుపత్రులు మూతపడకుండా 1997లో వచ్చిన చట్టంతో ఏర్పడిన వర్గం ఇది, కాన్సస్‌లో ఇలాంటివి ఎనభైకి పైగా ఉన్నాయి. వీటికి స్వింగ్ బెడ్ అనే సౌకర్యం ఉంది. నర్సింగ్ హోమ్‌లో ఇచ్చే స్కిల్డ్ కేర్‌ని, అంటే నర్సులు, థెరపిస్టులు చేయాల్సిన వైద్య సంరక్షణని, ఆసుపత్రి మంచం మీదే ఇవ్వొచ్చు. పెద్దాయన్ని పెద్ద ఆసుపత్రి నుంచి ముందు మా దగ్గరికే రప్పించాం.

దీనికి ఆయన అక్కడ ఇన్‌పేషెంట్‌గా మూడు రాత్రులు గడిపి ఉండాలి. ఆపరేషన్ కాబట్టి ఆ లెక్క సరిపోయింది. అందరికీ సరిపోదు. అడ్మిట్ చేయకుండా అబ్జర్వేషన్ (పరిశీలన) అని రాసి వార్డులోనే మూడు రోజులు ఉంచితే, చూసేవాళ్ళకి అది అడ్మిషన్ లాగే ఉంటుంది, మెడికేర్ మాత్రం లెక్కలోకి తీసుకోదు. తర్వాత స్కిల్డ్ కేర్ బిల్లు ఇంటికొస్తుంది. మీవాళ్ళు ఎవరైనా అమెరికా ఆసుపత్రిలో ఉంటే మొదటిరోజే "ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా?" అని అడగండి. మొహమాటపడొద్దు.

అర్హత ఉంటే మొదటి 20 రోజులు పూర్తిగా మెడికేర్‌వే. 21వ రోజు నుంచి 100వ రోజు దాకా పేషెంటు వాటా 2025లో రోజుకి 209 డాలర్ల 50 సెంట్లు. ఈయన సప్లిమెంట్ పాలసీ దాన్ని కట్టింది. థెరపీ సాగుతూ స్కిల్డ్ కేర్ అవసరం ఉన్నంతవరకే ఇదంతా. 100 రోజులు ఎవరికీ హక్కు కాదు.

స్వింగ్ బెడ్‌లో లోటు లేకపోలేదు. శని ఆదివారాల్లో థెరపిస్టు రాడు, నలుగురితో కూర్చుని తినే హాలు లేదు, పేషెంటుకి గది నాలుగు గోడలే. కానీ మాకు కావలసింది దొరికింది, అది వ్యవధి. శుక్రవారం మధ్యాహ్నం డిశ్చార్జి ఆర్డరు చేతిలో పెట్టుకుని, ఏ హోమ్ ఫోన్ ఎత్తితే ఆ హోమ్‌కి సరే అనే దుస్థితి తప్పింది.

స్టార్ల వెనుక

మూడో వారానికి తేలిపోయింది, పెద్దాయన వాకర్‌తో పది అడుగులు వేస్తారు గానీ మంచం దిగడానికి ఇద్దరు పట్టాలి. ఇంట్లో అది భార్య వల్ల కాదు. అప్పుడు మూడు హోమ్‌లు ముందు పెట్టుకున్నాం.

ఎ హోమ్ ఆయన ఊళ్ళోదే, పొలం నుంచి 12 మైళ్ళు, కౌంటీ ప్రభుత్వానిదే, రెండు స్టార్లు. బి హోమ్ 68 మైళ్ళు, ఐదు స్టార్లు. సి హోమ్ 30 మైళ్ళు, మూడు స్టార్లు, ఒక చెయిన్ కంపెనీది, ఈ మధ్య యాజమాన్యం మారింది.

ఈ స్టార్ల పద్ధతి 2008 చివర్లో మొదలైంది. తనిఖీలు, సిబ్బంది, నాణ్యత కొలతలు అని మూడింటికి విడివిడిగా స్టార్లు ఇచ్చి, వాటి నుంచి మొత్తం స్టార్లు కడతారు. కూతురు చూసింది మొత్తాన్నే. నేను మొదట చూసేది తనిఖీల స్టార్. దాన్ని ఒక రాష్ట్రంలోని హోమ్‌లని ఒకదానితో ఒకటి పోల్చి ఇస్తారు: పైన ఉన్న పదిశాతానికి ఐదు, కింది ఇరవై శాతానికి ఒకటి, మిగతావి మధ్యలో. అంటే కాన్సస్ రెండునీ కొలరాడో రెండునీ పక్కపక్కన పెట్టి చూడలేం. నాణ్యత కొలతల్లో కొన్ని హోమ్ తన గురించి తాను రాసి పంపేవే. పైగా పల్లె హోమ్‌లు చిన్నవి. 38 మంది ఉన్న చోట ఒక్కరు పడి దెబ్బ తగిలించుకుంటే ఆ అంకె రెండున్నర శాతం పైగా ఎగురుతుంది. చిన్న హోమ్‌లో ఇద్దరు నర్సులు మానేస్తే సిబ్బంది స్టార్ కూడా కింద పడుతుంది.

అలాగని స్టార్లని గాలికి వదిలేయమనడం లేదు. ఎర్ర చేయి గుర్తు ఉంటే, అంటే దుర్వ్యవహారం కింద తప్పు తేలితే, నేను ఆ హోమ్‌ని జాబితాలో పెట్టేముందు చాలా ఆలోచిస్తాను. మూడింటిలో దేనికీ అది లేదు.

సైట్‌లోనే తనిఖీ నివేదికలు పూర్తిగా దొరుకుతాయి. ఫారం 2567 అంటారు. హోమ్‌లో కూడా ఎవరైనా చదువుకునేలా ఒక ఫైలు పెట్టి ఉంచాలి. ప్రతి తప్పుకీ ఎ నుంచి ఎల్ దాకా ఒక అక్షరం ఇస్తారు. అక్షరం ముందుకి వెళ్ళేకొద్దీ తీవ్రత ఎక్కువ. జె, కె, ఎల్ అంటే ప్రాణాపాయం. జి అంటే ఒకరికి నిజంగా హాని జరిగిందని.

ఎ హోమ్ నివేదికలో చాలామటుకు డి, ఇ లు: ఫ్రిజ్‌లో తేదీ వేయని డబ్బాలు, ఆలస్యంగా రాసిన కేర్ ప్లాన్లు. ఒక జి ఉంది. ఇద్దరు కలిసి లేపాలని రాసి ఉన్న మనిషిని ఒక్క ఎయిడ్ (నర్సులకి సాయంగా ఉండే మనిషి) లేపబోయింది, ఆ మనిషి జారిపోయి చేయి విరిగింది. మా పెద్దాయనకి కావలసిన సాయం సరిగ్గా అదే. ఫ్రిజ్ డబ్బాలని వదిలేసి ఈ ఒక్క పేరా పట్టుకున్నాం.

డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్‌ని నేరుగా అడిగాను. ఆవిడ సర్దిచెప్పబోలేదు. ఆ సాయంత్రం ఒకరు రాలేదని, ఆ ఎయిడ్ ఎదురుచూడలేక చేసిందని చెప్పింది. తర్వాత ఏం మార్చారో గదికి తీసుకెళ్ళి చూపించింది: బీరువా తలుపు లోపలి వైపు ప్రతి మనిషికీ ఒక కార్డు, ఇద్దరు కావాలంటే రెండు బొమ్మలు. లిఫ్ట్ యంత్రాలు ఒకటి నుంచి రెండయ్యాయి. నాకు ఆ జవాబు నచ్చింది. బి హోమ్‌లో ఇదే ప్రశ్నకి "మా దగ్గర అలాంటివి జరగవు" అన్నారు. అలాంటివి జరగని హోమ్ నేనింతవరకూ చూడలేదు.

కౌంటీ హోమ్ అయితే ఇంకో దారి కూడా ఉంది. ఆస్తి పన్నులోంచి దానికి డబ్బు వస్తుంది కాబట్టి బోర్డు మీటింగులు బహిరంగం, ఊరి వారపత్రికలో వివరాలు పడతాయి. బయటి ఏజెన్సీ పంపే తాత్కాలిక నర్సులకి ఎంత పోతోంది, అడ్మినిస్ట్రేటర్ మారబోతున్నాడా, పైకప్పు కారుతోందా అన్నీ అందులో దొరుకుతాయి. చెయిన్ కంపెనీ హోమ్ గురించి ఇంత సమాచారం మీకు ఎవరూ ఇవ్వరు.

శనివారం సాయంత్రం

మంగళవారం పదకొండింటికి ఎవరి హోమ్ అయినా బాగానే ఉంటుంది. నేను కుటుంబాలకి చెప్పేది శనివారం సాయంత్రం భోజనం వేళకి, చెప్పకుండా వెళ్ళమని. గోడ మీద ఆరోజు సిబ్బంది షీటు ఉండాలి, ఇది ఫెడరల్ రూలు. ఎంతమంది నర్సులు, ఎంతమంది ఎయిడ్‌లు, ఎంతమంది పేషెంట్లు అని షిఫ్టుల వారీగా రాసి ఉంటుంది. షీటు చదివి, తర్వాత హాల్లో కనిపిస్తున్న మనుషుల్ని లెక్కపెట్టుకోవాలి.

సి హోమ్‌లో ఆ షీటు మీద గురువారం తేదీ ఉంది. కొడుకు ఫోటో తీసి పంపాడు. కారిడార్‌లో రెండు గదుల మీద లైట్లు వెలుగుతూనే ఉన్నాయట, తాను ఉన్నంతసేపూ ఎవరూ వెళ్ళలేదట. సైట్‌లో కూడా సి హోమ్‌కి వారాంతపు సిబ్బంది గంటలు బాగా తక్కువ. 2024లో కేంద్ర ప్రభుత్వం ఒక్కో మనిషికి రోజుకి కనీసం 3.48 గంటల నర్సింగ్ ఉండాలని రూలు తెచ్చింది, 2025లో టెక్సస్‌లో ఫెడరల్ కోర్టు దాన్ని కొట్టేసింది. రూలు పోయినా ఆ అంకెని నేను కొలబద్దగా వాడుకుంటున్నాను. సి హోమ్ వారాంతాల్లో దాని దరిదాపుల్లో కూడా లేదు. దాన్ని అక్కడితో వదిలేశాం.

ఎ హోమ్‌కి తల్లీ కూతురూ వెళ్ళారు. పాత భవనం, కార్పెట్ మీద మరకలు, కూతురికి లోపలికి వెళ్ళగానే మనసు విరిగింది. ఒక ఎయిడ్ ఇద్దరు ముసలమ్మల మధ్య స్టూలు వేసుకుని కూర్చుని చెరో ముద్దా పెడుతోంది. తొందరపెట్టడం లేదు, ఒకావిడ మింగేదాకా ఆగి రెండో ఆవిడ వైపు తిరుగుతోంది. పేషెంట్ల గోళ్ళు చూడమని, నీళ్ళ గ్లాసు చేతికి అందేలా ఉందో లేదో చూడమని ముందే చెప్పి పంపాను. రెండూ బాగానే ఉన్నాయి. ఆ ఎయిడ్ తల ఎత్తి తల్లిని పేరు పెట్టి పలకరించింది. వాళ్ళ నాన్న ఒకప్పుడు ఈ పెద్దాయన దగ్గర కోతలకి వచ్చేవాడట.

పల్లె కౌంటీలో ఇది బలమూ అవుతుంది, బరువూ అవుతుంది. చూసుకునే మనిషి తెలిసిన మనిషి. కానీ తప్పు జరిగితే ఫిర్యాదు చేయడానికి నోరు రాదు. చర్చిలో పక్క బెంచీ మీద కూర్చునే పిల్ల మీద ఎవరికి చెప్తారు? చెప్తే రేపు ఆయన్ని సరిగ్గా చూస్తారో లేదో అని భయం వేరే. అందుకే చేర్చకముందే నర్సింగ్ హోమ్ పేషెంట్ల తరఫున ఫిర్యాదులు చూసే రాష్ట్ర లాంగ్ టర్మ్ కేర్ అంబుడ్స్‌మన్ నంబరు వాళ్ళ ఫ్రిజ్ మీద అంటించాం. ఆ ఆఫీసుకి ఫోన్ చేస్తే, మీరు ఒప్పుకోకుండా మీ పేరు బయటపెట్టరు. ఫిర్యాదుగా కాక ప్రశ్నగా అడగొచ్చని తల్లికి చెప్పాక ఆవిడ కాస్త తేలికపడ్డారు.

మాత్రల వేళ

ఈ కేసులో నేను ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే. పార్కిన్సన్స్‌కి కార్బిడోపా లీవోడోపా మాత్ర వేళకి పడాలి. ఈయనకి ఆరు, పది, రెండు, ఆరు. అరగంట ఆలస్యమైతే కాళ్ళు నేలకి అతుక్కుపోతాయి, గంట దాటితే గ్లాసు ఎత్తలేరు, ముద్ద మింగడం కూడా కష్టమవుతుంది. నర్సింగ్ హోమ్‌లలో మామూలు అలవాటు చెప్పిన టైముకి గంట అటూ ఇటూగా మందుల బండి తిప్పడం. రక్తపోటు మాత్రకి అది చాలు, ఈ మాత్రకి చాలదు.

రెండు హోమ్‌లనీ ఒకే ప్రశ్న అడిగాను: "పది గంటల మాత్ర పదింటికే పడాలంటే మీరేం చేస్తారు?" బి హోమ్ నర్సు మా పాలసీ గంట అటూ ఇటూ అంది. ఎ హోమ్ ఆవిడ ఆర్డరులో టైము తప్పకూడదని డాక్టరు చేత రాయించమంది, అలా రాస్తే తమ కంప్యూటర్‌లో ఎర్రగా కనిపిస్తుందని చెప్పింది. హాలోపెరిడాల్, మెటోక్లోప్రమైడ్ (వాంతులకిచ్చే మందు) ఇవ్వకూడదని అలర్జీల జాబితా పక్కనే పెద్దక్షరాలతో రాయించాం. రాత్రిపూట పెద్దాయన కంగారుపడితే, కొత్త నర్సు ఫోన్‌లో డాక్టర్ని అడిగితే, మొదట నోటికొచ్చే మందు హాలోపెరిడాలే. పార్కిన్సన్స్ మనిషిని అది కదలకుండా చేసేస్తుంది.

ఇంకో చిన్న సంగతి. ఎ హోమ్‌కి మందులిచ్చే ఫార్మసీ వేరే ఊళ్ళో ఉంది, వ్యాన్ రోజుకొకసారి వస్తుంది. శుక్రవారం సాయంత్రం చేరిస్తే మొదటి రోజుల మాత్రలకి వెతుక్కోవాలి. అందుకని మంగళవారం పొద్దున పంపాం, ఆర్డర్లు సోమవారమే ఫాక్స్ చేశాం. కాన్సస్‌లో చేరేముందు చేయాల్సిన కేర్ అసెస్‌మెంట్ కూడా అప్పటికే పూర్తయింది.

డబ్బు, సంతకాలు

మెడికేర్ ఆగాక నెల నెలా కట్టేది కుటుంబమే, లేదా మెడికెయిడ్ (ఆదాయం, ఆస్తి తక్కువ ఉన్నవాళ్ళకి ప్రభుత్వ బీమా). కాన్సస్‌లో దాన్ని కాన్‌కేర్ అంటారు. ఒంటరి మనిషికైతే ఆస్తి పరిమితి 2,000 డాలర్లు. భార్య ఇంట్లో ఉంటే ఆవిడ వాటాని పక్కకి తీసి కాపాడే పద్ధతి ఉంది, 2025లో దాని గరిష్ఠం 1,57,920 డాలర్లు. "పొలం తమ్ముడి పేర రాసేస్తే?" అని కూతురు అడిగింది. ఐదేళ్ళు వెనక్కి తవ్వి చూస్తారు, ఊరికే ఇచ్చేసినట్టు తేలితే ఆ విలువకి సరిపడా కాలం మెడికెయిడ్ ఆపేస్తారు. భూమి ఉన్న కుటుంబం లాయర్ దగ్గరికి వెళ్ళకుండా ఒక్క కాగితం కూడా కదపకూడదు. వీళ్ళు వెళ్ళారు.

బి హోమ్‌లో మెడికెయిడ్ పడకలు కొన్నే, వాటికి వెయిటింగ్ లిస్టు. అంటే డబ్బు అయిపోయే రోజున మళ్ళీ మనిషిని కదిలించాల్సి రావచ్చు. మతిమరుపు ఉన్న మనిషికి ప్రతి మార్పూ ఒక దెబ్బే. ఎ హోమ్‌లో అన్ని పడకలూ మెడికేర్‌కీ మెడికెయిడ్‌కీ చెల్లుతాయి.

అడ్మిషన్ కాగితాల కట్టలో కూతురు సంతకం పెట్టాల్సిన చోట రెస్పాన్సిబుల్ పార్టీ అని ఉంది. తండ్రి డబ్బుని ఆయన తరఫున చూసే ఏజెంటుగా మాత్రమే పెట్టమన్నాను. చేర్చుకోవాలంటే ఇంకొకరు సొంత జేబు నుంచి హామీ ఇవ్వాలని అడగడం ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. గొడవ వస్తే కోర్టుకి కాక మధ్యవర్తి దగ్గరికి వెళ్తామని ఒప్పుకునే ఆర్బిట్రేషన్ కాగితం కూడా తప్పనిసరి కాదు. పెట్టేసినా 30 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు.

మనవాళ్ళకి ఒక మాట. ఇలాంటి కౌంటీల్లో జె-1 వీసా వెయివర్ మీద (పల్లెల్లో పనిచేస్తే స్వదేశానికి తిరిగి వెళ్ళాలన్న షరతు సడలించే పద్ధతి) వచ్చిన తెలుగు డాక్టర్ల కుటుంబాలు ఉన్నాయి, గ్రీన్ కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలు ఉన్నారు. ఇక్కడ పనిచేయని పెద్దలు 65 దాటి, ఐదేళ్ళు వరసగా ఉన్నాకే డబ్బు కట్టి మెడికేర్ పార్ట్ ఎ కొనుక్కోవచ్చు. 2025లో పూర్తి ప్రీమియం నెలకి 518 డాలర్లు. దాని మీద కూడా నర్సింగ్ హోమ్‌లో కాపురానికి డబ్బు రాదు. పైగా మధ్యాహ్నం మీట్‌లోఫ్, సాయంత్రం హామ్ శాండ్‌విచ్ పెట్టే చోట శాకాహారి అమ్మమ్మ ఏం తింటుంది? పెద్దవాళ్ళకి గ్రీన్ కార్డు వేసేముందే ఈ లెక్క వేసుకోండి.

నిర్ణయం

చివరి మీటింగ్‌లో నేను అడిగింది ఒకటే. మూడింటికీ లోపాలున్నాయి, వాటిలో మీరు పూడ్చగలిగే లోపం ఏది? ఎ హోమ్ లోపం చేతులు చాలకపోవడం. భార్య రోజూ మధ్యాహ్నం అక్కడ ఉంటే ఒక పూట భోజనం, రెండింటి మాత్ర ఆవిడ కళ్ళ ముందే జరుగుతాయి. బి హోమ్ లోపం దూరం. మసకపడ్డాక రోడ్డు మీదికి లేళ్ళు వస్తాయని ఆవిడ చీకట్లో కారు తీయరు. మంచు తుఫాను వస్తే ఐ-70 హైవేకి గేట్లు వేసేస్తారు. ఆ లోపాన్ని ఎవరూ పూడ్చలేరు.

అంతసేపూ మాట్లాడని తల్లి అప్పుడు కూతురితో అన్నారు: "నువ్వు స్టార్లు చూసి నిశ్చింతగా ఉంటావు. నేను ఆయన్ని చూడాలి." కూతురు ఏడ్చింది, ఒప్పుకుంది, బి హోమ్ వెయిటింగ్ లిస్టులో పేరు మాత్రం ఉంచమంది. ఉంచాం. అందులో తప్పేమీ లేదు.

ఇదే కుటుంబంలో భార్య లేకపోయి, పక్క ఊళ్ళో కూడా ఎవరూ లేకపోయి ఉంటే, నేను బి హోమ్ వైపే మొగ్గేదాన్ని. రోజూ వెళ్ళే మనిషి లేనప్పుడు దగ్గర అన్న మాటకి విలువ లేదు.

ఆరు నెలల తర్వాత

ఒకసారి మంచం పక్కన జారారు, దెబ్బ తగల్లేదు. పది గంటల మాత్ర రెండుసార్లు ఆలస్యమైంది. రెండూ ఏజెన్సీ నర్సు ఉన్న రోజులే, భార్య నోట్‌బుక్‌లో రాసి పెట్టారు. మూడు నెలలకొకసారి జరిగే కేర్ ప్లాన్ మీటింగ్‌కి కూతురు వీడియోలో వచ్చి ఆ తేదీలు చదివింది. ఇప్పుడు ఏజెన్సీ వాళ్ళకి షిఫ్టు మొదట్లో ఇచ్చే కాగితంలో ఆయన పేరు, నాలుగు టైములు పైనే ఉంటాయి. అయిదు పౌండ్లు తగ్గారు, దాని మీద డైటీషియన్‌తో మాట్లాడుతున్నారు. కాన్‌కేర్ దరఖాస్తు లాయర్ దగ్గర తయారవుతోంది. డైరెక్టర్ ఆఫ్ నర్సింగ్ వేసవిలో రిటైరవుతుందని బోర్డు మీటింగ్ వార్తలో చదివాను. ఆ స్థానంలోకి ఎవరొస్తారో తెలిసేదాకా బి హోమ్ లిస్టులోంచి పేరు తీయొద్దని కూతురికి నేనే చెప్పాను.